మైసూరులో అమ్మ పొయ్యి ముట్టని నాలుగు రోజులు

ఈమధ్య మా అమ్మాయీ అల్లుడూ నన్ను వెంటబెట్టుకుని ఓ ఊరు చూడ్డానికి తీసుకెళ్ళారు. పొద్దున్నే కోట చూశాం. ఒంటిగంటకు అందరికీ ఆకలేసింది. ఒంటిగంటన్నర అయినా అల్లుడు నడివీధిలో, ఎండలో, ఫోను చూస్తూనే నిలబడ్డాడు. ఒక హోటలుకి నాలుగు చుక్కలట. ఇంకోదానికి నాలుగున్నరట, కాని దాని కింద ఎవరో బొద్దింక ఫొటో పెట్టారట. మూడోది బాగుందట గాని మనిషికి అయ్యే ఖర్చు చూస్తే గుండె ఆగుతుందట. "ఒక్క ఐదు నిమిషాలు అత్తయ్యగారూ" అంటున్నాడు పాపం, చెమటలు కక్కుతూ.

నాకు నవ్వొచ్చింది. ఎందుకమ్మా నవ్వుతున్నావ్ అంది మా అమ్మాయి.

"మా మేనత్తే ఉంటే ఈపాటికి హోటలు వెనక్కి వెళ్ళి ఎంగిలాకులు చూసొచ్చి, తినొచ్చో తినకూడదో తేల్చేసేది" అన్నాను.

ఇద్దరూ నా మొహం చూశారు. వాళ్ళకి అప్పుడు రెండు ముక్కల్లో చెప్పాను. ఇక్కడ తీరిగ్గా చెబుతాను.

మాది విజయనగరం నుంచి బొబ్బిలి వెళ్ళే దారిలో, బస్సు దిగి ఇంకో మైలు నడిస్తే వచ్చే పల్లె. తాతల కాలం నుంచీ వరీ, మేం చోళ్ళు అనే రాగులూ, నువ్వులూ పండించిన ఇల్లు. ఆ ఇంట్లోంచి చదువుకుని మేష్టరయినవాడు మా నాన్న ఒక్కడే. ఆయన బళ్ళోనే పనిచేసే ఇంకో మేష్టరు ఒక వేసవిలో మైసూరు వెళ్ళొచ్చాడు. వచ్చినవాడు ఊరుకోలేదు, ఏడాది పొడుగునా మైసూరు చెప్పాడు. పాలెస్సులో దీపాలు, తోటలో రంగురంగుల నీళ్ళు, జంతువుల పార్కులో తెల్ల నెమలి. నాన్న వినీ వినీ, ఆఖరికి ఒక సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే, "ఈ సెలవలకి మనం మైసూరెల్తన్నాం" అని ప్రకటించాడు.

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు.

"మీరెల్లండి. నానెందుకు?"

"నువ్వు లేకపోతే ఎలగే?"

"అదే. నాను లేకపోతే వండడానికి మనిసుండదు. రామతీర్దం తీర్తానికెల్లినా మూడు రాళ్ళెట్టి వండినాను. మా సెల్లి పెల్లికెల్లినా గాడిపొయ్యి కాడే కూకున్నాను. మైసూరెల్లి మల్లీ పొయ్యి ఊదడానికి అంత రైలు చార్జీ దేనికి? ఇక్కడే ఊదుతాను."

నేను పక్కనే మామిడి తాండ్ర నాకుతూ కూర్చున్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాన్న వంగి, నా నెత్తి మీద చెయ్యి వేసి, పాఠం చెప్పే గొంతుతో అన్నాడు: "మైసూరులో ఉన్న నాలుగు రోజులూ నిన్ను పొయ్యి ముట్టనివ్వను. హోటల్లోనే తిందాం. దీని మీద ఒట్టు."

అమ్మ చేట కింద పెట్టింది. మొహంలో వెలుగొచ్చింది. నా మొహంలో ఉన్న వెలుగు మాత్రం పోయింది.

ఎందుకంటే ఒట్టు సంగతి మా అత్త నాకు అంతకు ముందే పూర్తిగా బోధించి ఉంది. అత్త అంటే నాన్నకి అక్క. మామయ్య పోయాక మా ఇంట్లోనే ఉండేది. ఆవిడకి ఒక్కడే కొడుకు, మిలట్రీలో చేరి రెండేళ్ళయింది. ఒట్టేసి తప్పితే ఎవరి మీద ఒట్టేశారో వాళ్ళు నెత్తురు కక్కుకుని పోతారని అత్త చెప్పింది. మా వీధి చివర ఎవరిదో దూడ అలాగే పోయిందని రుజువు కూడా చూపించింది. అందుచేత మైసూరులో అమ్మ పొయ్యి ముడితే నేను పోతాను. ఇందులో నాకేమీ అనుమానం లేదు. తాండ్ర చేదయిపోయింది.

నాలుగు రోజులు వంట తప్పించుకోవడానికి అమ్మ బయల్దేరే ముందు రెండు రోజులు ఆపకుండా వండింది. పులిహోర, జంతికలు, బెల్లం అటుకులు, మినప రొట్టె. రైలు మద్రాసు చేరేదాకా అత్తతో కలిపి నలుగురం అవి తిన్నాం. అక్కణ్ణించి రైళ్ళు మారుతూ మైసూరు చేరేసరికి డబ్బాల అడుగున జంతికల పొడి తప్ప ఏమీ లేదు.

బజారులో ఒక లాడ్జిలో దిగాం. ఒకటే గది, రెండు మంచాలు, వీధి వైపు కిటికీ. నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మమ్మల్ని భోజనానికి బయల్దేరదీశాడు. ఆయన ఉత్సాహానికి ఇంకో కారణం ఉంది. కన్నడ అక్షరాలు ఇంచుమించు మన అక్షరాల్లాగే ఉంటాయి కదా. తలకట్టు కాస్త పక్కకి తిరిగి ఉంటుందంతే. ఆయన ప్రతి బోర్డు ముందూ ఆగి కూడబలుక్కుని చదివి, "సూసినారా, నాకు కన్నడం వచ్చేస్తన్నాది" అన్నాడు.

అలా చదువుతూ వెళ్ళి ఒక బోర్డు దగ్గర ఆగాడు. "ఊట" అని ఉంది.

"ఊట అంటే నీల్లు ఊరే సోటు. బావేదో ఉన్నాదన్నమాట. కాల్లు కడుక్కుని ఎల్దాం" అన్నాడు.

లోపలికెళ్ళి చూస్తే నిజంగానే ఒక కొళాయి ఉంది, తొట్టి ఉంది. నలుగురం వరసగా కాళ్ళు ఎత్తి తొట్టిలో పెట్టి శుభ్రంగా కడుక్కున్నాం. అత్త మొహం కూడా కడుక్కుని పుక్కిలించింది. వెనక్కి తిరిగేసరికి చేతుల్లో చట్నీ బకెట్టుతో ఒకడు మమ్మల్ని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వాడి వెనక ముప్ఫై మంది భోంచేస్తున్నారు. కన్నడంలో ఊట అంటే భోజనమట. మేం కాళ్ళు కడిగింది వాళ్ళు చేతులు కడుక్కునే తొట్టి. వాడు ఏం తిట్టాడో మాకు అర్థం కాలేదు గాని, నాన్న కన్నడం మాత్రం ఆ పూటకి ఆగిపోయింది. అక్కడ తినడానికి మొహం చెల్లక బయటపడ్డాం.

ఆ అవమానం కడుక్కోవడానికి నాన్న ఈసారి పాలెస్సు ఎదురుగా ఉన్న పెద్ద హోటలు చూశాడు. అద్దాల తలుపు, లోపల ఫేను, తలపాగా చుట్టుకున్న సర్వరు. పళ్ళెంలో చిన్న చిన్న గిన్నెలు పెట్టి తెచ్చాడు. ఒక్కో గిన్నెలో ఒక్కో గరిటెడు. మధ్యలో అన్నం, మా ఊళ్ళో పసిపిల్లకి పెట్టేంత. సాంబారు తియ్యగా ఉందని నాన్న మొహం చిట్లించాడు. అత్తకి మాత్రం నచ్చింది.

"మన బెల్లం పులుసులాగే బాగున్నాది. అయితే ఇది తిండేటి, నైవేద్దెవేటిరా తమ్ముడా? సూపించి తీసుకెల్లిపోతాడేటి?"

"అక్కా, మెల్లగా."

"మెల్లగా ఏటి? ఇంకాస్త అన్నం ఎట్టమను."

నాన్న ఎట్టమన్నాడు. సర్వరు ఎట్టాడు. బిల్లు వచ్చాక తెలిసింది, ఎట్టిన ప్రతిసారీ వేరే రాసుకున్నాడని. నాన్న ఆ కాగితాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు. ఇది కన్నడం కాదు, అంకెలే. పొరపాటు పడే వీలు లేదు. పాలెస్సు లోపలికి వెళ్ళి రాజుగారి బంగారు అంబారీ చూపిస్తుంటే, "ఆ హోటలోడే కూకోవాల దీని మీద" అన్నాడు.

సాయంత్రం గదికి వచ్చాక అత్త తన మూట విప్పింది. పాత చీర మడతల్లోంచి ఒక్కొక్కటీ బయటికి తీసింది. బియ్యం. కందిపప్పు. ఆవాలు. బెల్లం. చింతపండు. ఆఖరున, కోడిపెట్టని తీసినట్టు జాగ్రత్తగా, పంపు స్టవ్వు.

"నాకు తెలుసు ఇలగవుద్దని. రేపు పొద్దున్న గదిలోనే ఇంత ఉడకేసుకుందాం. అంత డబ్బు తగలేసి ఆ నైవేద్దెం తినడవెందుకు?"

నాన్న కాదనలేదు. అదే నన్ను భయపెట్టింది. ఆయన స్టవ్వు వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, కిటికీలోంచి బయటికి చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు. అమ్మ మంచం మీద కూర్చుని, చీర కొంగు చివర చుట్టడం, విప్పడం, చుట్టడం, విప్పడం. కాసేపటికి, "సరే వదినా. రేపు సూద్దాం" అంది.

అంటే రేపు నేను పోతానన్నమాట.

పంపు స్టవ్వు వెలగాలంటే ముందు దాని నోట్లో సన్నటి పిన్ను గుచ్చాలి. మా ఇంట్లో ఆ పిన్ను పోతే ఊరంతా తిరిగి అప్పు తెచ్చుకోవడం నేను చూశాను. పెద్దవాళ్ళు ముగ్గురూ వరండాలోకి వెళ్ళినప్పుడు ఆ పిన్ను తీసి కిటికీలోంచి విసిరేశాను. వీధిలో ఒక టాంగా పోతోంది. దాని టాపు మీద పడి ఎటు పోయిందో పోయింది. నా ప్రాణం మైసూరు బజారులో టాంగా ఎక్కి షికారు వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న అత్త మూట రెండుసార్లు దులిపింది. చీర మడతలన్నీ విప్పింది. స్టవ్వుని తలకిందులు చేసి కొట్టింది. పంపు కొట్టి, అగ్గిపుల్ల గీసి, నోటితో ఊది చూసింది. కిరసనాయిలు కంపు తప్ప మంట రాలేదు.

"పిన్ను ఎట్టినానే! నా సేత్తో నానే ఎట్టినాను! ఒలే గుంటా, నువ్వు సూసినావా?"

"లేదత్తా" అన్నాను. కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. గాలి కోసం అనుకున్నారు.

అత్త ఓడిపోయే మనిషి కాదు. కొంగు నడుముకి బిగించింది. "అయితే నువ్వు ఊరుకో తమ్ముడా. ఈయేల తిండి సంగతి నాకొగ్గీ. నీ బోరుడులూ వద్దు, నీ అద్దాలూ వద్దు. నాను సూసుకుంటాను."

అప్పుడు చూశాను అత్త విద్య. ఏ హోటలుకీ ముందు నుంచి వెళ్ళలేదు. వీధికి వెనకనున్న సందు పట్టుకుంది. ఆ సందులో ప్రతి హోటలుకీ వెనక ఒక గుమ్మం, గుమ్మం పక్కన ఎంగిలాకుల తొట్టి, దాని చుట్టూ ఆవులు. అత్త ఆవుల్ని అదిలించి, ఒక పుల్ల తీసుకుని, ఆకులు ఒక్కొక్కటీ తిప్పి చూసేది.

"ఇది సూడు. కూర ముట్టలేదెవులూ. అందరూ అలగే ఒగ్గీసినారు. ఇక్కడొద్దు." ఇంకోచోట: "అన్నం ముద్దలు ముద్దలుగా పారీసినారు. ఉడకలేదు. పదండి." మరోచోట ఆకులు బాగానే ఉన్నాయి. "బాగున్నాది గానీ ఆకులు తక్కువున్నాయి. రేటు ఎక్కువన్నమాట" అని తేల్చింది.

"వదినా, ఎవలైనా సూస్తే బాగోదు" అని అమ్మ గొణిగింది.

"సూడనీ. మనిసిని అడిగితే మొకం సూసి సెబుతాడు. ఎంగిలాకు అబద్దం ఆడదు."

నాన్న పది గజాలు వెనక నడుస్తున్నాడు, మాకూ ఆయనకీ ఏ సంబంధమూ లేనట్టు. మేష్టరు కదా, ఊరు కాని ఊళ్ళో కూడా పరువు వెంట తెచ్చుకున్నాడు.

ఏడో తొట్టి దగ్గర అత్త ఆగిపోయింది. ఆకులు కుప్పగా ఉన్నాయి. ఒక్కదాంట్లో మెతుకు లేదు. కడిగి ఆరేసినట్టు ఉన్నాయి. మాంసం బొక్కలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అక్కడ ఆవుల బదులు రెండు కుక్కలు సంతోషంగా ఉన్నాయి.

"ఇదే" అంది అత్త.

ముందుకి చుట్టి వచ్చాం. నాన్న బోర్డు చదివి వెనక్కి తగ్గాడు. "మిలిటరీ హోటల్" అని ఉంది.

"అక్కా, ఇది మనకి కాదు. మిలట్రీవోలకి."

అత్త మొహం చూడాలి అప్పుడు. దీపావళి మతాబులా వెలిగింది. "మిలట్రీవోలకి కాకపోతే మరెవులికిరా! మనోడు మిలట్రీలో లేడేటి? నాను సిపాయి తల్లిని. మనకి కేంటీను రేటు ఇస్తారు, సూడు" అని రవికలోంచి సంచీ తీసి, సంచీలోంచి బావ ఫొటో తీసింది. ఆకుపచ్చ బట్టల్లో, టోపీ పెట్టుకుని, బిగుసుకుపోయి ఉన్నాడు బావ. ఆ ఫొటో పట్టుకుని గల్లా పెట్టె దగ్గర కూర్చున్న బుర్రమీసాల ఆయన ముందు పెట్టింది.

"నా కొడుకు" అంది గుండె మీద చెయ్యేసుకుని. ఆయన ఫొటో చూశాడు. అత్త మొహం చూశాడు. ఎండలో ఏడు ఎంగిలాకుల తొట్లు తిరిగిన మొహం, చెదిరిన జుట్టు, బురద కాళ్ళు. ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఎష్టు దిన ఆయ్తు?" అన్నాడు మెల్లగా.

దినం అన్న ముక్క అత్తకి దొరికింది. ఎన్నాళ్ళయిందంటున్నాడు, ఉద్యోగంలో చేరి. రెండు వేళ్ళు చూపించింది. "రెండేల్లు బాబూ."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఫొటో తీసుకుని పక్క బల్ల వాళ్ళకి చూపించాడు. వాళ్ళు తినడం ఆపి చూసి తలలూపారు, లేదు, లేదన్నట్టు. ఇంకో బల్లకి వెళ్ళింది ఫొటో. అక్కడా అంతే. ప్రతి ఒక్కరూ అత్త వైపు చూసి "పాప, పాప" అంటున్నారు.

అత్త నా చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. "నిన్నే పాపా పాపా అంతన్నారు. దండం ఎట్టు." పెట్టాను. అందరూ ఇంకా జాలిగా చూశారు.

మమ్మల్ని కూర్చోబెట్టారు. అడక్కుండానే ఆకులు పరిచారు. ఒక్కొక్కరికీ ఒక నల్లటి గుండ్రటి ముద్ద, పక్కన మాంసం పులుసు. అత్త ముద్ద తుంచి, వాసన చూసి, కేక పెట్టింది. "ఓలమ్మ! ఇది మన సోడిముద్దే!"

నాన్న నీరుగారిపోయాడు. మేష్టరయ్యాక ఆయన మా ఇంట్లో చోడి అంబలి మానిపించాడు. వరన్నమే తినాలి, అంబలి పాలేర్లు తాగేది అనేవాడు. "ఇంత దూరం వచ్చి, సోల్లు తినడానికా!" అన్నాడు. అని ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. ఆ ముద్ద నమలకూడదు, పులుసులో ముంచి మింగాలి. అది ఆయన పళ్ళకి అంటుకుపోయింది. సర్వరు వచ్చి, గొంతు చూపిస్తూ, కొంగలా మెడ సాచి, ఎలా మింగాలో నేర్పించాడు. మా మేష్టరుగారు చెప్పింది చెప్పినట్టు విని మింగారు. అలా మూడు ముద్దలు తిన్నారు.

మేం సగంలో ఉండగా మూల బల్ల దగ్గర్నుంచి ఒక పెద్దమనిషి లేచి వచ్చాడు. మెళ్ళో టేపు, చెవి మీద సుద్ద ముక్క. దర్జీ అట, కోలారు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడట. వాళ్ళ తెలుగులో అత్తని అడిగాడు: "ఏమ్మా, మీ అబ్బాయి యా ఊర్లో తప్పిపోయినాడు? పోలీసోళ్ళకి చెప్పినారా?"

అత్త చెయ్యి ఆకు మీద ఆగిపోయింది. "తప్పిపోడవేటి నాయనా? ఎవుడు తప్పిపోయినాడు? ఆడు జీతం పంపుతన్నాడు!"

దర్జీ వెనక్కి తిరిగి కన్నడంలో చెప్పాడు. హోటలు పైకప్పు లేచిపోయేలా నవ్వు. బుర్రమీసాల ఆయన అయితే గల్లా పెట్టె మీద తల పెట్టుకుని నవ్వాడు. మిలిటరీ హోటలంటే ఆ ఊళ్ళో మాంసం దొరికే హోటలని అర్థమట, ఎవరైనా తినొచ్చట. "పాప" అంటే వాళ్ళ భాషలో "అయ్యో పాపం" అనట. నాన్న సిగ్గుతో చచ్చిపోయి, డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. తీరా చూస్తే, నలుగురం కడుపు పగిలేలా తిన్నదానికి అయిన ఖర్చు నిన్న ఒక్కరికి అయినంత లేదు. అయినా అత్త ఆగలేదు. "తప్పిపోకపోయినా సిపాయి తల్లినే కదా, అడుగు బాబూ" అని దర్జీని పురమాయించింది. ఆయన అడిగాడు. ఆమెకి ఒక ఉడికించిన గుడ్డు అదనంగా వచ్చింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, పతకం వచ్చినట్టు మాకందరికీ చూపించి తింది.

ఆ తర్వాత మైసూరులో ఏం చూసినా, రంగునీళ్ళైనా తెల్ల నెమలైనా, రెండు పూటలా అక్కడికే. మూడో రోజుకి నేను సుఖంగా ఉన్నాను. ఇంకొక్క రోజు గడిస్తే బతికిపోయినట్టే.

నాలుగో రోజు మధ్యాహ్నం గండం వచ్చింది. బుర్రమీసాల ఆయన భార్య వంటింటి గుమ్మంలోంచి రోజూ మమ్మల్ని చూసి నవ్వేది. ఆ రోజు వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. దర్జీ మధ్యవర్తి. మీ ఊళ్ళో ఏం వండుతారని అడిగింది. అమ్మ నవ్వి ఊరుకుంది. అత్త ఊరుకుంటుందా? "మా మరదలు గుమ్మడికాయ పులుసులో బెల్లవేసి, ఆవాలు నూరి ఎట్టి దించితే, పక్క ఊరోలు ముక్కు ఎగబీలుస్తూ వస్తారని సెప్పు బాబూ" అంది. ఆయన చెప్పాడు. ఆవిడ చప్పట్లు కొట్టి, అమ్మ చెయ్యి పట్టుకుని, ఉన్నపళంగా వంటింట్లోకి లాక్కుపోయింది. గుమ్మడికాయ ఉందట, చేసి చూపించాలట.

నా నోట్లో ముద్ద ఉంది. గుమ్మంలోంచి కనిపిస్తోంది: పొయ్యి మీద పెద్ద గిన్నె, ఆవిడ గరిటె ఇస్తోంది, అమ్మ చెయ్యి సాచుతోంది. ముద్ద మింగేసి పరిగెత్తాను.

"అమ్మా, ముట్టకు! పొయ్యి ముట్టకు! నాను సచ్చిపోతాను!"

హోటలంతా లేచింది. ముద్దలో విషం పడిందనుకున్నారో ఏమో, బుర్రమీసాల ఆయన బిందెడు నీళ్ళు పట్టుకొచ్చాడు. ఎవరో నా వీపు మీద చరిచారు. దర్జీ నా నోరు తెరిచి చూస్తున్నాడు. నేను వెక్కుతూ అమ్మ చీర పట్టుకుని మొత్తం కక్కేశాను: నెత్తి మీద ఒట్టు, నెత్తురు కక్కుకోవడం, వీధి చివర దూడ, పిన్ను, టాంగా.

"ఓలమ్మ! పిన్ను నీ పనేనా!" అని అత్త నోరు నొక్కుకుంది.

అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని నా మొహం రెండు చేతుల్తో పట్టుకుంది. "ఇన్నాల్నించీ ఇది నెత్తి మీద మోస్తన్నావేటే?" అంది. తర్వాత తలెత్తి నాన్న వైపు చూసింది. "ఏసినోలే తియ్యాల. తియ్యండి."

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు, చెయ్యి కడుక్కోలేదు. ముప్ఫై మంది చూస్తున్నారు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఒట్టు తీసి గట్టున ఎట్టినాను" అన్నాడు.

"ఏ గట్టున?" అంది అత్త. "ఇక్కడ గట్టేదిరా? ఊరికే నోటితో అంటే సాలదు. గుంట పేనం."

నాన్న దిక్కులు చూశాడు. ఆఖరికి ఆయన చూపు పొయ్యి గట్టు మీద పడింది. దగ్గరికొచ్చి, ఎడమ చేత్తో నా నెత్తి మీంచి ఏదో బరువైనది ఎత్తినట్టు ఎత్తి, రెండడుగులు నడిచి, పొయ్యి గట్టు మీద, ఉప్పు జాడీ పక్కన, దాన్ని జాగ్రత్తగా దించాడు. హోటలాయన భార్యకి తెలుగు ముక్క రాదు. అయినా జాడీని కాస్త పక్కకి జరిపి చోటు ఇచ్చింది.

"పోయిందా?" అన్నాను.

"పోయింది" అన్నాడు నాన్న. నా మొహం చూసి అన్నాడు ఈసారి.

"అయితే ఇప్పుడు అమ్మ ముట్టొచ్చా?"

"ముట్టొచ్చు."

అమ్మ లేచి కళ్ళు తుడుచుకుంది. గరిటె తీసి ఆవిడ చేతికే ఇచ్చేసింది. మూలనున్న పీట లాక్కుని కూర్చుంది. "ముట్టొచ్చు గానీ నాను ముట్టను. నాలుగో రోజు ఇంకా అవ్వలేదు కదా. నాను సెప్తాను, ఆవిణ్ణి సెయ్యమను బాబూ."

దర్జీ ఒక్కో ముక్కా కన్నడంలోకి మార్చాడు. అమ్మ పీట మీద కూర్చుని వేలు చూపిస్తూ ఇంకొంచెం బెల్లం అంది, ఇప్పుడు చింతపండు అంది, మంట తగ్గించమంది, ఆవ ఇప్పుడే వెయ్యకు అంది. ఆవిడ వేసేసింది. పులుసు అమ్మ చేసేదాంట్లో సగం కూడా రాలేదు. అయినా వడ్డిస్తే అమ్మ రెండుసార్లు వేయించుకుని తింది.

ఇంటికొచ్చిన మర్నాడు తెల్లవారకుండానే అమ్మ పొయ్యి వెలిగించింది. నాన్న బళ్ళో తన స్నేహితుడికి మైసూరు మొత్తం తిరిగి చెప్పాడు, ఊట దగ్గర కాళ్ళు కడిగిన సంగతి తప్ప. వారానికోసారి చోడి అంబలి మాత్రం ఇంట్లో మళ్ళీ మొదలైంది, ఎవరూ ఏమీ అనకుండానే.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. నాన్న, అత్త ముందే వెళ్ళిపోయారు. అమ్మ పోయే ముందు ఒక ఏడాది మా ఇంట్లో ఉంది. ఒకరోజు అడిగాను, మైసూరులో నీకు బాగా నచ్చింది ఏంటమ్మా అని. పాలెస్సు అంటుందనో, తోట అంటుందనో చూశాను.

"నాను తింతంటే ఒకడు పక్కన నిల్సుని, ఇంకాస్త ఎట్టనా అని అడిగినాడే" అంది. "అదే."

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. మా ఇంట్లో అమ్మ అందరికీ పెట్టాక, వంటింట్లో గోడ వైపు తిరిగి, మిగిలింది తినేది. అమ్మ అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసింది నా చిన్నతనం మొత్తంలో ఆ నాలుగు రోజులే. ఆవిడకి మూలుగ బొక్కంటే ప్రాణమని తెలిసిందీ అక్కడే. ఇంట్లో అది నాన్న కంచంలోకో నా కంచంలోకో వచ్చేది. ఆ హోటల్లో సర్వరు దాన్ని అమ్మ ఆకులో వేశాడు. అమ్మ అటూ ఇటూ చూసింది, ఎవరికైనా ఇవ్వాలేమోనని. అందరి ఆకుల్లోనూ ఉన్నాయి. అప్పుడు బొక్కని బల్లకేసి టకటకా కొట్టింది. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. అమ్మ ఆపలేదు. మూలుగ రాలేదాకా కొట్టి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని జుర్రింది.